ఆటస్థలం – ప్రశ్నలు, జవాబులు: 18 ఏళ్ల కుర్రవాడు, వారానికి 48 నిమిషాలు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలావరకు నల్లగొండ, పాలమూరు వైపు నుంచే వచ్చాయి. ‘బజర్‌బీటర్’ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలో చిన్న వయసు ఆటగాళ్లను ఎలా తయారు చేసుకోవాలన్నదే అవన్నీ ఇంచుమించుగా అడిగిన మాట. ఒక్కొక్కరికి విడిగా రాయడం వీలుకాదు గనుక, తక్కినవారికి కూడా పనికివచ్చే కొన్నింటిని ఎంచుకుని జవాబు ఇస్తున్నాను.

ఆట తెలియని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు చెప్పాలి. ఇందులో మనం బంతి పట్టుకోము. ఒక క్లబ్బును నడుపుతాము. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, ఎవరిని ఏ స్థానంలో ఆడించాలి, ఆ వారం ఏ నైపుణ్యం మీద శిక్షణ ఇవ్వాలి అన్నవి మన నిర్ణయాలు. మ్యాచ్‌ను కంప్యూటర్ నడుపుతుంది. వారానికి రెండు లీగ్ మ్యాచ్‌లు, మధ్యలో ఒక కప్ మ్యాచ్ గానీ స్నేహపూర్వక మ్యాచ్ గానీ ఉంటాయి. ఆ వారం శిక్షణ ఫలితం శుక్రవారం తెలుస్తుంది. సీజన్ 14 వారాలు నడుస్తుంది, సీజన్ మారితే ఆటగాడి వయసు ఒక ఏడు పెరుగుతుంది. జంప్ షాట్ (ఎగిరి బంతి వేయడం), పాసింగ్, రీబౌండింగ్ (గురి తప్పి తిరిగివచ్చిన బంతిని అందుకోవడం) వంటి ప్రతి నైపుణ్యానికి స్థాయిని బట్టి ఒక ఇంగ్లిష్ మాట కనిపిస్తుంది. ‘అట్రోషస్’ అంటే 1, ‘రెస్పెక్టబుల్’ అంటే 7, ‘లెజెండరీ’ అంటే 20. సౌకర్యం కోసం నేను ఇక్కడ అంకెలే వాడుతున్నాను.

ప్రశ్న: సార్, నా జట్టులో 18, 19 ఏళ్ల కుర్రవాళ్లు ఏడుగురు ఉన్నారు. ముగ్గురు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రవాళ్లను క్లబ్బులకు పంచేటప్పుడు వచ్చారు, నలుగురిని వేలంలో చౌకగా కొన్నాను. ఎవరికీ అన్యాయం జరగకూడదని అందరినీ వంతులవారీగా ఆడించాను. సీజన్ అయిపోయింది, ఒక్కడూ చెప్పుకోదగ్గ ఆటగాడు కాలేదు. నేను చేసిన తప్పేమిటి?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: మీరు అందరికీ న్యాయం చేయాలనుకున్నారు గానీ ఈ ఆటలో శిక్షణ లెక్క అందుకు ఒప్పుకోదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం బాస్కెట్‌బాల్ మ్యాచ్ పదేసి నిమిషాల నాలుగు భాగాలుగా 40 నిమిషాలు నడుస్తుంది. అమెరికాలోని ఎన్‌బీఏలో పన్నెండేసి నిమిషాల చొప్పున 48 నిమిషాలు ఆడతారు. బజర్‌బీటర్ ఈ రెండో పద్ధతిని తీసుకుంది. ఒక ఆటగాడికి ఆ వారం శిక్షణ పూర్తిగా దక్కాలంటే, శిక్షణ జరుగుతున్న స్థానంలోనే అతడు వారం మొత్తం మీద 48 నిమిషాలు ఆడి ఉండాలి. తగ్గితే ఆ మేరకు శిక్షణ కూడా తగ్గుతుంది. వారానికి మూడు మ్యాచ్‌లు గనుక ఒక స్థానానికి ఉన్నవి 144 నిమిషాలు. వాటితో ముగ్గురికి మాత్రమే పూర్తి శిక్షణ అందుతుంది. మీరు వాటిని ఏడుగురికి పంచితే తలా 20 నిమిషాలు వచ్చాయి.

మీది సాగర్ ఎడమ కాలువ కింది ప్రాంతం గనుక ఈ సంగతి మీ ఇంట్లో పెద్దలను అడిగినా చెబుతారు. కాలువ నీళ్లు వంతులవారీగా వదిలే వారబందీ సంవత్సరంలో, మూడెకరాలకు సరిపోయే నీటిని ఏడెకరాలకు పారిస్తే, ఏడెకరాల నాటూ తడి చూస్తుంది గానీ ఏ మడిలోనూ గింజ గట్టిపడదు. నీళ్లు తక్కువని తెలిసిన రైతు నాట్లకు ముందే నాలుగెకరాలు వదిలేస్తాడు. మీరూ ఇప్పుడు నలుగురిని వదులుకోవాలి.

ఎవరిని ఉంచుకోవాలన్నదానికి నేను మొదట వయసును చూస్తాను. ఈ ఆటలో 18 ఏళ్ల వాడు అందరికన్నా తొందరగా నేర్చుకుంటాడు, ఒక్కో ఏడు గడిచేకొద్దీ ఆ వేగం తగ్గుతూ పోతుంది. తర్వాత ఎత్తును చూస్తాను. ముగ్గురూ ఇంచుమించుగా ఒకే బాపతు వారై ఉండాలి. ఒకడు బంతిని ముందుకు తీసుకువచ్చే 183 సెంటీమీటర్ల గార్డ్, ఇంకొకడు రింగు కింద ఆడే 210 సెంటీమీటర్ల సెంటర్ అయితే ఒకడికి పనికివచ్చే శిక్షణ రెండో వాడికి సగం వృథా అవుతుంది. ఇక మిగిలిన నలుగురిని ఆలస్యం చేయకుండా వేలానికి పెట్టండి. 19 ఏళ్ల వాడికి వచ్చే ధర, అతడు అదే నైపుణ్యంతో 21 ఏళ్ల వాడయ్యాక రాదు.

రెండు స్థానాలకు కలిపి శిక్షణ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అందులో ఆరుగురికి 48 నిమిషాలు సర్దవచ్చు. అయితే ఒక్కొక్కరి ఎదుగుదల ఆ మేరకు నెమ్మదిస్తుంది. పాత మేనేజర్లు దానితోనూ మంచి జట్లు కట్టారు. కొత్తగా మొదలుపెట్టిన వారికి మాత్రం మొదటి రెండు సీజన్లు ఒకే స్థానం, ముగ్గురే ఆటగాళ్లు అన్న నియమాన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ముగ్గురు బాగా ఎదిగితే వారిలో ఒకరిని అమ్మి, ఆ డబ్బుతో జట్టులోని లోటు పూడ్చుకోవచ్చు. అరకొరగా ఎదిగిన ఆరుగురితో ఆ పని జరగదు.

ఆడించే తీరులో కూడా జాగ్రత్త పడాలి. శిక్షణ స్థానంలో మొదటి ఆటగాడిగా, అతని బదులు వచ్చే వాడిగా, ఆ తర్వాతి వాడిగా కూడా అదే పేరు పెట్టి, కోచ్ మీరు రాసిన వరుసను కచ్చితంగా పాటించేలా అమర్చండి. లేకపోతే కోచ్ తన ఇష్టం కొద్దీ మధ్యలో మార్చి, 48కి బదులు 39 నిమిషాల దగ్గర ఆపేస్తాడు. ఫౌళ్లు నిండి బయటికి వచ్చినా, గాయపడినా మనం చేయగలిగింది లేదు. అటువంటి వారం వస్తే మూడో మ్యాచ్‌లో ఆ లోటు తీర్చే ప్రయత్నం చేయాలి. అలాగని ఒకే కుర్రవాడిని మూడు మ్యాచ్‌లూ పూర్తిగా ఆడించవద్దు. వారానికి 50 నుంచి 70 నిమిషాల మధ్య ఆడినవాడి ఒళ్లు ఆటకు తగ్గట్టుగా ఉంటుంది, అది దాటితే అలసటతో ఆట పడిపోతుంది.

ప్రశ్న: మూడు వారాలుగా ఒకే గార్డ్‌కు పాసింగ్ శిక్షణ ఇస్తున్నాను. వారం వారం 48 నిమిషాలూ పూర్తయ్యాయి. శుక్రవారం చూస్తే అంకె కదలడం లేదు. శిక్షణ మార్చమంటారా?
– పాఠకుడు, వనపర్తి

జవాబు: మార్చవద్దు. మనకు తెర మీద కనిపించేది పూర్ణాంకం మాత్రమే. లోపల దశాంశాలు ఉంటాయి, వాటిని ఆట చూపించదు. మీ గార్డ్ పాసింగ్ 7 అని కనిపిస్తున్నా అది 7.1 కావచ్చు, 7.9 కూడా కావచ్చు. ప్రతి శుక్రవారం కొంత కలుస్తూనే ఉంటుంది. 8 దాటిన రోజున మాత్రమే మాట మారుతుంది. ఆటగాళ్ల మధ్య దీనికి ‘పాప్’ అని పేరు.

మీ వనపర్తి చేలలో వేరుశనగ పూత రాలిన తర్వాత ఊడలు మట్టిలోకి దిగుతాయి, కాయ అక్కడే కడుతుంది. పైన ఆకు చూసి కాయ లెక్క చెప్పలేము, అలాగని వారానికోసారి చెట్టు పీకి చూసే రైతూ ఉండడు. మూడో వారంలో శిక్షణ మార్చడం అటువంటి పనే. 7.8 దగ్గరికి తెచ్చిన పాసింగ్‌ను వదిలేసి మీరు హ్యాండ్లింగ్‌కు (బంతిని చేతిలో అదుపుగా ఉంచుకోవడం) మారితే, ఆ 0.8 ఎక్కడికీ పోదు, కానీ మ్యాచ్‌లో మీకు కావలసిన ఫలితం ఇంకో నెల వాయిదా పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఏ శిక్షణకు ఎన్ని వారాలు పడుతున్నదో మీకు ఎప్పటికీ తెలియకుండా పోవడం.

అందుకే నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఒక్కో కుర్రవాడికి ఒక పేజీ ఉంటుంది. తేదీ, శిక్షణ పేరు, ఆడిన నిమిషాలు, అంకె మారితే ఎర్ర సిరాతో ఒక గీత. 185 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక 19 ఏళ్ల గార్డ్ పేజీ ఇప్పుడు నా ముందుంది. పాసింగ్ 6 నుంచి 7కు ఒకే వారంలో వచ్చింది, 7 నుంచి 8కి మూడు వారాలు పట్టింది, 8 నుంచి 9కి మళ్లీ మూడు. మొదటి వారం వచ్చిన గీతను చూసి నేను ఎంతో సంతోషించాను. అతడు నా దగ్గరికి వచ్చేనాటికే 6.8 దగ్గర ఉండి ఉంటాడన్నది తర్వాతి రెండు గీతలు పడ్డాకే అర్థమైంది. ఎవరికైనా అసలు వేగం రెండో పాప్ నుంచి మూడో పాప్‌కు మధ్య తెలుస్తుంది. మీరు ఇంకా మొదటిదాని కోసం చూస్తున్నారు. కనీసం మరో రెండు వారాలు ఆగండి.

ప్రశ్న: నా దగ్గర 211 సెంటీమీటర్ల ఎత్తున్న 18 ఏళ్ల సెంటర్ ఉన్నాడు. రీబౌండింగ్ 7, ఇన్‌సైడ్ షాట్ (రింగు దగ్గరి నుంచి వేయడం) 6, ఇన్‌సైడ్ డిఫెన్స్ (రింగు దగ్గర అడ్డుకోవడం) 6 ఉన్నాయి. హ్యాండ్లింగ్, పాసింగ్ 3 దాటలేదు. ఇతణ్ణి ఇప్పుడు పాయింట్ గార్డ్ స్థానంలో ఆడించి బంతి పని నేర్పమని స్నేహితుడు అంటున్నాడు. అంత ఎత్తువాడు ఆ స్థానంలో ఆడితే మ్యాచ్‌లు ఓడిపోమా? ఉన్న బలాన్నే పెంచుకుంటే సరిపోదా?
– ప్రైవేటు ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: మీ స్నేహితుడి మాట వినండి. ఇది నేను పుస్తకం చూసి చెబుతున్నది కాదు, ఒక మంచి ఆటగాడిని చేజేతులా పాడుచేసుకుని నేర్చుకున్నది.

కొన్నేళ్ల కిందట నాకూ డ్రాఫ్ట్‌లో ఇటువంటి వాడే దొరికాడు. మీ వాడికన్నా రెండు సెంటీమీటర్లు పొడవు. మొదటి శుక్రవారమే ఇన్‌సైడ్ షాట్ పెరిగింది, నాకు ఇక వేరే ఆలోచన రాలేదు. రెండు సీజన్లు, అంటే 28 వారాలు, సెంటర్ స్థానంలోనే ఉంచి ఇన్‌సైడ్ షాట్, ఇన్‌సైడ్ డిఫెన్స్ మార్చి మార్చి నేర్పాను. రెండూ 11కు చేరాయి. వాటితోపాటు జీతం కూడా ప్రతి సీజన్ మొదట్లో ఎగబాకింది, ఎందుకంటే ఈ ఆటలో జీతాన్ని ఆటగాడి నైపుణ్యాలు ఏ స్థానానికి ఎక్కువగా సరిపోతాయో ఆ స్థానం లెక్కన కడతారు, సెంటర్‌కు కావలసినవన్నీ పెంచుకుంటూ పోతే సెంటర్ జీతమే పెరుగుతుంది. 20 ఏళ్లు నిండాక అతణ్ణి కాస్త పెద్ద డివిజన్‌లో ఆడించినప్పుడు లోటు బయటపడింది. బంతి అతని చేతికి వస్తే ఎదుటి జట్టు లాక్కుపోయేది. పాస్ ఇవ్వబోయి పోగొట్టేవాడు. ఒక మ్యాచ్‌లో 18 పాయింట్లు చేసి, ఏడుసార్లు బంతి పోగొట్టాడు. మేము నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాము. అప్పుడు పాసింగ్ నేర్పడం మొదలుపెడితే ఒక్క అంకె కదలడానికి ఏడు వారాలు పట్టింది. మరో సీజన్ వేచి చూసి, జీతం భరించలేక అమ్మేశాను.

ఆ ఏడు వారాలకు కారణాలు మూడు. పొడవైన వాడు రింగు కింది పనిని తొందరగా, బంతి పనిని నెమ్మదిగా నేర్చుకుంటాడు. పొట్టివాడి సంగతి ఇందుకు తలకిందులు. వయసు పెరిగినకొద్దీ ఏదైనా నెమ్మదిగానే వస్తుంది. మూడోది చాలామంది గమనించరు: నైపుణ్యాలు ఒకదాన్నొకటి లాగుతాయి. హ్యాండ్లింగ్, పాసింగ్, డ్రైవింగ్ (బంతితో రింగు వైపు దూసుకుపోవడం) మూడూ కలిసి పెరిగితే ఏదీ ఆగదు, ఒకటి ముందుకు పోయి తక్కినవి వెనకబడితే ముందున్నది మొరాయిస్తుంది. నా వాడికి మూడూ నేలమట్టంగా ఉన్నాయి, అందుకే ఏది ముట్టుకున్నా కదల్లేదు. కష్టంగా వచ్చేదాన్ని తొందరగా నేర్చుకునే వయసులో, తేలిగ్గా వచ్చేదాన్ని ఆ తర్వాత నేర్పాలన్నది నేను ఇప్పుడు తప్పకుండా పాటించే వరుస. ఇన్‌సైడ్ షాట్ 22వ ఏట మొదలుపెట్టినా పొడవైన వాడికి వస్తుంది.

ఓడిపోతామన్న మీ భయం న్యాయమైనదే, కానీ దానికి మార్గం ఉంది. పాయింట్ గార్డ్ స్థానంలో మీరు ముగ్గురికి శిక్షణ ఇస్తారు, మూడు మ్యాచ్‌లు ఉన్నాయి. మిగిలిన ఇద్దరినీ అసలైన గార్డులనే పెట్టుకుని వారిని రెండు లీగ్ మ్యాచ్‌లలో ఆడించండి. ఈ పొడవైన వాడికి వారం మధ్యలో వచ్చే స్నేహపూర్వక మ్యాచ్ పూర్తిగా ఇచ్చేయండి. అందులో 30 పాయింట్ల తేడాతో ఓడినా పట్టికలో మీ స్థానం చెక్కు చెదరదు. ఆ 48 నిమిషాలూ కాకుండా లీగ్ మ్యాచ్‌లో పది, పదిహేను నిమిషాలు అతణ్ణి సెంటర్‌గా దింపితే మీకు బలమూ దక్కుతుంది, అతని ఒళ్లూ ఆటకు తగినట్టుగా ఉంటుంది. కప్‌లో ఇంకా మిగిలి ఉన్న వారాలలో మాత్రం స్నేహపూర్వక మ్యాచ్ ఉండదు; అప్పుడు లీగ్‌లో అన్నిటికన్నా బలహీనమైన జట్టుతో ఆడే రోజును అతనికి కేటాయించండి. కప్ నుంచి తొందరగా బయటికి వచ్చిన సీజన్లలోనే నా కుర్రవాళ్లు బాగా ఎదిగారు.

కొన్ని వారాలు, గార్డ్‌కూ సెంటర్‌కూ మధ్యన ఉండే ఫార్వర్డ్ స్థానాలకు ఇచ్చే ‘వన్ ఆన్ వన్’ శిక్షణ కూడా పెట్టవచ్చు. అందులో డ్రైవింగ్‌తోపాటు హ్యాండ్లింగ్‌కూ కొంత అందుతుంది, పొడవైన వాడు ఫార్వర్డ్‌గా ఆడితే మ్యాచ్‌కు పెద్దగా నష్టం ఉండదు. పాసింగ్‌కు మాత్రం గార్డ్ స్థానం తప్పదు. హ్యాండ్లింగ్, పాసింగ్ రెండూ 6, 7కు వచ్చేదాకా రింగు కింది శిక్షణ జోలికి వెళ్లవద్దు. మీ వాడికి అందుకు ఒకటిన్నర సీజన్ పట్టవచ్చు. అప్పటికి అతనికి ఇరవయ్యో ఏడు కూడా పూర్తిగా నిండదు.

ప్రశ్న: ఉన్న డబ్బంతా పెట్టి ‘ఎంవీపీ’ పొటెన్షియల్ (ఎంతవరకు ఎదగగలడన్న హద్దు) ఉన్న 19 ఏళ్ల కుర్రవాడిని పది రోజుల కింద వేలంలో కొన్నాను. నైపుణ్యాలు అన్నీ 3, 4 దగ్గర ఉన్నాయి. డ్రాఫ్ట్‌లో వచ్చిన మరొకడికి పొటెన్షియల్ ‘స్టార్’ మాత్రమే, కానీ 18 ఏళ్లకే నైపుణ్యాలు 6, 7 ఉన్నాయి. ఎవరి మీద దృష్టి పెట్టాలి?
– వ్యాపారి, నాగర్‌కర్నూల్

జవాబు: డ్రాఫ్ట్‌లో వచ్చినవాడి మీద పెట్టండి. పొటెన్షియల్ అన్నది గోలెం ఎంత పెద్దదో చెబుతుంది, అందులో నీళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పదు. ‘అనౌన్సర్’ నుంచి ‘ఆల్‌టైమ్ గ్రేట్’ దాకా పన్నెండు మెట్లు ఉన్నాయి. ఆటగాడి మొత్తం నైపుణ్యం తన మెట్టు హద్దును చేరాక శిక్షణ పూర్తిగా ఆగదు గానీ, వారాల పని నెలల పనిగా మారుతుంది. మీ ‘స్టార్’ ఆ హద్దును ఏ 22వ ఏటో చేరుకుంటాడు. అప్పటికి మీ డివిజన్‌లో అతనే గట్టి ఆటగాడు అయి ఉంటాడు. 3, 4 దగ్గర మొదలైన రెండో వాడు అదే చోటికి వచ్చేసరికి 24 ఏళ్లు దాటుతాయి, నేర్చుకునే వేగమూ పడిపోతుంది. గోలెం పెద్దదే కావచ్చు, నింపేలోగా బావి అడుగంటుతుంది.

అతణ్ణి రేపే అమ్మేయమని మాత్రం చెప్పను. కొన్న కొద్ది రోజులకే అమ్మితే అమ్మిన ధరలో ఏజెంట్ పేరిట పడే కోత ఎక్కువగా ఉంటుంది, మీ సొమ్ములో కొంత అక్కడే పోతుంది. కొన్ని వారాలు మీ ముగ్గురిలో ఒకడిగా శిక్షణ ఇచ్చి, రెండు మూడు అంకెలు పెంచి, సీజన్ మారి అతని వయసు పెరిగేలోపు వేలానికి పెట్టండి. వచ్చిన డబ్బుతో ‘ఆల్‌స్టార్’ గానీ ‘పెరెన్నియల్ ఆల్‌స్టార్’ గానీ అయి ఉండి, 18 ఏళ్లకే 6, 7 నైపుణ్యాలున్న గార్డ్‌ను చూడండి. పెద్ద పేరు లేకపోవడం వల్ల అటువంటివారు చాలాసార్లు న్యాయమైన ధరకే దొరుకుతారు.

ప్రశ్న: శిక్షకుణ్ణి ఏ స్థాయివాణ్ణి పెట్టుకోవాలి?
– పాఠకుడు, గద్వాల

జవాబు: స్థాయిలు 1 నుంచి 7 వరకు ఉన్నాయి. కొత్త క్లబ్బుకు 4 గానీ 5 గానీ చాలు. కొనే ధరను చూసి మోసపోకండి. శిక్షకుడి జీతం వారం వారం పెరుగుతూ ఉంటుంది, అసలు భారం అదే. జీతం భరించలేనంత అయ్యాక అదే స్థాయిలో తక్కువ జీతానికి వచ్చే మరొకరిని చూసుకుని మార్చుకోండి.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి పడుకునేముందు ఫోన్‌లో ఈ ఆటే చూస్తుంటాడు. వేలం, ధర, జీతం అని స్నేహితులతో మాట్లాడుతుంటే నాకు భయంగా ఉంది. ఇది జూదమా?
– ఒక తల్లి, జడ్చర్ల

జవాబు: జూదం కాదమ్మా. ఇందులో వేలం పాడే డబ్బు ఆటలోని లెక్క మాత్రమే, బయట చెల్లదు. ఆట ఉచితంగానే ఆడవచ్చు. ఇష్టమున్నవారు రుసుము కట్టి కొన్ని అదనపు సౌకర్యాలు తీసుకుంటారు, దానివల్ల జట్టు బలపడదు. నిజానికి ఈ ఆటకు రోజుకు పది నిమిషాలకు మించి పని ఉండదు. ఆడేవారి పేర్లు వారానికి మూడుసార్లు రాస్తే చాలు, శిక్షణ ఒక్కసారి అమరిస్తే వారమంతా నడుస్తుంది. పొద్దు పోయేదాకా మేల్కొని ఉంటున్నాడంటే ఏదో ఒక వేలం ముగిసే వేళ కోసం చూస్తూ ఉంటాడు. పరీక్షల నెలల్లో వేలం పాడవద్దని, శిక్షణ మాత్రం కొనసాగించుకొమ్మని చెప్పండి. దానివల్ల అతని జట్టు పాడవదు. వీలైతే ఒక ఆదివారం పక్కన కూర్చుని, ఏ ముగ్గురికి శిక్షణ ఇస్తున్నాడో, ఎందుకు ఇస్తున్నాడో అడగండి. కుర్రవాళ్లు ఈ లెక్క చెప్పడానికి ఎంతో ఇష్టపడతారు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. నా విద్యార్థులే నాకు ఈ ఆట చూపించారు. ఇందులోని శిక్షణ పద్ధతి మైదానంలో ఏమైనా పనికివస్తుందా?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, దేవరకొండ ప్రాంతం

జవాబు: మాస్టారూ, నిమిషాల లెక్క యథాతథంగా పనికివస్తుంది. పన్నెండుమంది పిల్లలను తీసుకుపోయి ఐదుగురినే ఆడించి తిరిగివస్తే, మిగిలిన ఏడుగురు ఆ ఏడాది ఏమీ నేర్చుకోరు. ఈ ఆటలో ముగ్గురిని ఎంచుకోమని నేను చెప్పింది క్లబ్బు లాభం కోసం. బడిలో మాత్రం ప్రతి పిల్లవాడూ మీ వాడే గనుక అక్కడ ఆ నియమం చెల్లదు. పోటీల్లో కుదరకపోతే సాధన మ్యాచ్‌లలోనైనా నిమిషాలు రాసిపెట్టి వెనకబడినవారికి పంచండి.

ఎత్తు సంగతిలో తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. బజర్‌బీటర్‌లో 18 ఏళ్ల వాడి ఎత్తు ఇక మారదు. మీ ఎనిమిదో తరగతి పిల్లవాడు మాత్రం వేసవి సెలవుల తర్వాత ఏ స్థానానికి సరిపోతాడో మీరు ఇప్పుడు చెప్పలేరు. ఏడో తరగతిలో అందరికన్నా పొడవుగా ఉన్నవాడిని రింగు కిందే నిలబెట్టి, బంతి వస్తే పక్కవాడికి ఇవ్వమని చెప్పడం మన బడుల్లో నేను చాలాచోట్ల చూశాను. పదో తరగతికి వచ్చేసరికి మిగిలినవారూ అతనంత ఎదుగుతారు, అతనికి మాత్రం బంతిని నేలకు కొట్టుకుంటూ పది అడుగులు పోవడం రాదు. నా సెంటర్‌కు జరిగింది అదే. ఒక పిల్లవాడికి జరిగితే వేలంలో అమ్మి ఇంకొకణ్ణి తెచ్చుకోలేము.

కాబట్టి పొడవైన పిల్లలకు కూడా డ్రిబ్లింగ్, పాసింగ్ అందరితో సమానంగా నేర్పండి, వారానికి ఒకరోజైనా బంతిని ముందుకు తీసుకుపోయే బాధ్యత వారికే ఇవ్వండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే రింగు ఎత్తు కూడా తగ్గించుకోవచ్చు. పెద్దల రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మినీ బాస్కెట్‌బాల్‌లో దాన్ని 2.60 మీటర్లకు దించి, 5వ నంబరు బంతితో ఆడిస్తారు. బోర్డు దించే వీలు మీ మైదానంలో లేకపోతే, గోడ మీద 2.60 మీటర్ల దగ్గర సున్నంతో ఒక గుండ్రని గుర్తు గీసినా సాధనకు సరిపోతుంది. పిల్లలు రెండు చేతులతో ఛాతీ దగ్గరి నుంచి విసిరేయకుండా, మోచేయి కిందుగా పెట్టి బంతిని పైకి వదలడం ఆ ఎత్తులోనే నేర్చుకుంటారు.